ఇంటి పశువులు, ఇంటి మనుషులు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒకటి రెండు ఆవులు, కొన్ని మేకలు, నాలుగు కోళ్లు, కాపలాకు ఒక కుక్క. ఇంత చిన్న పెంపకంలో ఇంటి పని, పశువుల పని అని రెండు వేరుగా ఉండవు. పొద్దున్నే పాలు పిండిన చేతులే పిల్లల్ని బడికి తయారుచేస్తాయి. పశువు తాగే నీళ్లు, అది తినే మేత, దానికి వచ్చే జబ్బు ఏదో ఒక దారిన ఇంట్లోకి వస్తాయి. మా ఇంట్లో ఈ పని చేసుకుంటూ, ఇరుగుపొరుగు పశువు ఈనేటప్పుడో జబ్బు పడినప్పుడో సాయానికి వెళ్తూ ఉంటే కొన్ని మాటలు పదేపదే వినబడతాయి. చెప్పేవాళ్లు మేలు కోరే చెబుతారు. కానీ వాటిని నమ్మి దూడల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, మంచాన పడ్డ మనుషులున్నారు. ప్రాణం మీదికి తెచ్చేవాటితో మొదలుపెడతాను.

అపోహ: మాయ పడేదాకా దూడకు పాలు తాగించకూడదు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో జబ్బులను ఎదిరించే శక్తి దాదాపు ఉండదు. తల్లి కడుపులో ఉండగా ఆ రక్షణ మాయ దాటి దూడకు చేరదు. ముర్రుపాల ద్వారానే చేరాలి. ఆ రక్షక పదార్థాలను దూడ పేగు ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి తీసుకునేది మొదటి కొన్ని గంటలు మాత్రమే. ఆరు గంటలు దాటితే ఆ సామర్థ్యం బాగా తగ్గుతుంది, ఒక రోజు గడిచేసరికి పోతుంది. ఆ తర్వాత ఎన్ని ముర్రుపాలు పట్టినా ఆకలి తీరుతుందే గానీ ఆ రక్షణ రాదు.

మాయ కోసం రాత్రంతా ఎదురుచూసి తెల్లారాక పాలు పట్టిన దూడకు వారంలోపే పారుడు పట్టుకుంటే, దూడ బలహీనంగా పుట్టిందని అంటారు. చాలాసార్లు అది బలహీనంగా పుట్టలేదు. దానికి అందాల్సింది వేళకు అందలేదు.

పుట్టిన గంట, రెండు గంటల్లోపు మొదటిసారి తాగించాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతైనా లోపలికి వెళ్లాలి. 30 కిలోల దూడైతే 3 లీటర్లు, రెండు మూడు విడతల్లో. మేకపిల్లలకూ ఇదే లెక్క. ఇంకో సంగతి: దూడ చన్ను చీకుతుంటే తల్లి ఒంట్లో విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. మాయ పడటానికి అదే సాయం. అంటే దేని కోసం పాలు ఆపుతున్నారో, ఆ పనికే అడ్డం పడుతున్నారు.

మామూలుగా మాయ 12 గంటల్లోపు పడిపోతుంది. పడకపోతే చేత్తో లాగొద్దు, బరువు కట్టి వేలాడదీయొద్దు. లోపల చిరిగి, రక్తం పోయి, చీము పడుతుంది. డాక్టరుకు ఫోన్ చేయండి. ఈలోగా దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయడం మరిచిపోవద్దు.

అపోహ: పశువు చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడినట్టే, చెయ్యి పెట్టి తీసేయాలి

నిజంగానే అడ్డం పడి ఉండొచ్చు. కానీ రేబిస్ సోకిన పశువూ ఇలాగే ఉంటుంది. ఆవు అదేపనిగా చొంగ కారుస్తుంది, నీళ్లు మింగలేదు, గొంతు మారిపోయి వింతగా అరుస్తుంది. కొన్ని పొడవడానికి మీదికి వస్తాయి, కొన్ని నీరసంగా ఒక మూల నిలబడిపోతాయి. పిచ్చికుక్క కరిచిన సంగతి ఇంట్లో ఎవరూ చూసి ఉండరు, గాయం ఎప్పుడో మానిపోయి ఉంటుంది. అలాంటి నోట్లో ఉత్త చెయ్యి పెడితే, వేలి మీది చిన్న గీత చాలు.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా పశువైనా బతకడం దాదాపు అసాధ్యం. కాబట్టి అనుమానం ఉన్న పశువు నోట్లో చెయ్యి పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, దాని పాలు వాడకండి, డాక్టరును పిలవండి. చొంగ ఇప్పటికే గాయానికి తగిలి ఉంటే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి. పసుపు, సున్నం లాంటివి పూస్తూ కూర్చోవద్దు. ఇంటి కుక్కకు రేబిస్ టీకా క్రమం తప్పకుండా వేయిస్తే ఇంట్లో ఉన్న ప్రాణాలన్నిటికీ రక్షణ.

అపోహ: మన ఆవు పాలే కదా, పచ్చిగా తాగితేనే బలం

ఆవు నిగనిగలాడుతూ ఉన్నంత మాత్రాన దాని పాలలో బ్రూసెల్లా గానీ క్షయ క్రిములు గానీ లేవని కాదు. పైకి ఏ జబ్బూ కనబడని ఆవు కూడా వాటిని పాలలో వదలగలదు. పాలను మరిగిస్తే ఈ క్రిములు చస్తాయి. బలమంతా ఎక్కడికో పోతుందన్న భయం అక్కర్లేదు. మాంసకృత్తులు, కాల్షియం అలాగే ఉంటాయి, కొన్ని విటమిన్లు మాత్రం కొంత తగ్గుతాయి.

బ్రూసెల్లా గురించి ఇంకొంచెం చెప్పాలి. చూడి ఆవు నెలలు నిండకముందే, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఈసుకుపోతే ముందు దీన్నే అనుమానించాలి. ఆ పిండాన్ని, మాయను, ఉమ్మనీటిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. గ్లోవ్స్ లేకపోతే దళసరి ప్లాస్టిక్ సంచి అయినా చేతికి తొడుక్కోండి. ఇంట్లో గర్భిణులు ఉంటే అటు రాకుండా చూడండి. కుక్కలు ఈడ్చుకుపోకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. మనుషులకు సోకితే జ్వరం వచ్చి పోతూ, రాత్రిళ్లు చెమటలు పడుతూ, కీళ్లు, నడుము నొప్పులతో నెలల తరబడి లాగుతుంది. మామూలు జ్వరం మందులతో లొంగదు. అంతుపట్టని జ్వరంతో ఆస్పత్రికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో పశువులున్నాయని డాక్టరుకు మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన రక్తపరీక్ష త్వరగా జరుగుతుంది.

అపోహ: బూజు పట్టిన దాణా మనకు పనికిరాదు గానీ పశువు తినొచ్చు

తినకూడదు. కొన్ని రకాల బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆవు తిన్నదాంట్లో కొంత భాగం రూపం మారి పాలలోకి వస్తుంది. మరిగిస్తే పోదు. అంటే పారేయడానికి మనసొప్పక ఆవుకు వేసిన తెలగపిండి, మళ్లీ పిల్లల గ్లాసులోకి వస్తుంది. దాణా బస్తాలను నేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా చెక్కల మీద పెట్టండి. బూజు పట్టింది కోళ్లకు కూడా వేయొద్దు. పాడైనదాన్ని పారేయడమే పొదుపు.

అపోహ: మేక ఏది పెట్టినా అరిగించుకుంటుంది

మేక అన్నిటినీ మూతితో తడిమి చూస్తుంది. అందుకే అన్నీ తింటుందనిపిస్తుంది. నిజానికి మేతలో ఆకులు, లేత కొమ్మలు ఏరుకుని తినే స్వభావం దానిది. తొక్కిన గడ్డిని, వాసన పట్టిన నీళ్లను ముట్టదు.

ఇంట్లో వేడుక జరిగిన మర్నాడు మేకలకు, ఆవులకు గండం ఎక్కువ. మిగిలిన వంటంతా వృథా కాకూడదని తొట్టిలో పోస్తారు. నెమరువేసే పశువు కడుపులో ఉన్న సూక్ష్మజీవులు పీచు మేతకు అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా పిండిపదార్థం బోలెడంత పడితే అక్కడ ఆమ్లం పెరిగిపోతుంది. పశువు నెమరు మానేస్తుంది, తూలుతుంది, పడిపోతుంది. ధాన్యం బస్తా విప్పి తినేసినా ఇదే జరుగుతుంది. బస్తాలున్న గదికి గడియ పెట్టడం, మేత ఏదైనా మార్చాలంటే వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా మార్చడం అలవాటు చేసుకోండి. మంచుతో తడిసిన పప్పుజాతి పచ్చిమేతలోకి పశువును ఖాళీ కడుపున వదిలితే ఎడమ డొక్క డోలులా ఉబ్బి, గంటల్లో ప్రాణం పోవచ్చు. బయటికి తోలేముందు కాస్త ఎండుగడ్డి వేయాలి. లేత జొన్న పైరు, అందులోనూ వానలు లేక గిడసబారినది, మేపకండి. అందులో సయనైడ్ విషం తయారవుతుంది.

అపోహ: మందు పట్టించాలంటే తల పైకెత్తి గొంతులో పోసేయాలి

తల బాగా పైకెత్తి, నాలుక లాగి పట్టుకుని పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఉబ్బరానికి నూనె పట్టించే హడావుడిలో ఇది ఎక్కువగా జరుగుతుంది. ఉబ్బరం తగ్గిన పశువు మూడో రోజుకు న్యుమోనియాతో పోతుంది. మూతి కళ్ల ఎత్తును దాటకూడదు. నాలుకను వదిలేయాలి. బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పోస్తూ మింగే వ్యవధి ఇవ్వాలి. దగ్గితే వెంటనే తల వదిలేయండి. స్పృహ లేని పశువుకు, పడుకుని తల నిలపలేని పశువుకు నోటి ద్వారా ఏమీ పోయకూడదు.

మందుల మాట వచ్చింది కాబట్టి: పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేయిస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు ఇంట్లో వాడొద్దు, అమ్మొద్దు. మరిగించినంత మాత్రాన మందు అవశేషాలు పోవు. దూడకు కూడా వద్దు.

అపోహ: నీళ్లు ఎక్కువ తాగితే పాలు పలచబడతాయి

పాలలో 87 శాతం దాకా నీరే ఉంటుంది. అయితే తాగిన నీళ్లు నేరుగా పొదుగులోకి దిగవు. పొదుగులో పాలచక్కెర ఎంత తయారైతే దానికి తగ్గ నీటినే లాక్కుంటుంది. పలుచదనం జాతిని బట్టి, మేతలో పీచు ఎంతుందన్నదాన్ని బట్టి, ఈని ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నీళ్లు తగ్గిస్తే పాలు చిక్కబడవు, దిగుబడే పడిపోతుంది. ఒక లీటరు పాలకు ఆవుకు 3 నుంచి 5 లీటర్ల నీళ్లు కావాలి. ఎండాకాలం ఇంకా ఎక్కువ. పాలు పిండిన వెంటనే బాగా తాగుతుంది కాబట్టి ఆ సమయానికి తొట్టి నిండా ఉండాలి, రాత్రికి కూడా ఉండాలి. ఇంట్లో పిల్లలకు మొట్టమొదట అప్పజెప్పదగ్గ పని ఇదేనని నా అభిప్రాయం. బరువు మోయక్కర్లేదు, తొట్టి ఖాళీ అయిందేమో చూసి చెబితే చాలు.

అపోహ: నాలుగు తగిలిస్తేనే ఆవు మాట వింటుంది

పాలు చేపడానికి, అంటే పొదుగులోంచి చన్నుల్లోకి దిగడానికి, పనిచేసేది కూడా ఆక్సిటోసినే. అరుపులు, దెబ్బలు, కుక్క మొరుగుడు వల్ల ఆవు బెదిరితే అడ్రినలిన్ విడుదలై దాన్ని అడ్డుకుంటుంది. పాలు పొదుగులోనే ఉండిపోతాయి. మిగిలిపోయిన పాలు పొదుగువాపుకు దారితీస్తాయి. అదే వేళకు, అదే చోట, నెమ్మదిగా వెళ్లి, పొదుగు కడిగి, చేపిన తర్వాత ఐదు నుంచి ఏడు నిమిషాల్లో ఆపకుండా పిండేయాలి. ముందు ఆరోగ్యంగా ఉన్నవి, చివర్లో జబ్బు ఉన్నది. పిండాక అరగంట వరకు చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోదు. అప్పుడు ఆవు పేడలో పడుకోకుండా మేత వేసి నిలబెట్టండి. మనింట్లో ఉన్న టెన్షన్ పాలు పిండే చోటికి తీసుకెళ్లకపోవడం కూడా పెంపకంలో భాగమే.

అపోహ: పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదు

పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. గుడ్లు తగ్గితే వెతకాల్సినవి వేరే: పగటి వెలుగు తగ్గిందా, ఈకలు రాలుతున్నాయా, నీళ్లు ఒక పూట అందలేదా, కాల్షియం చాలడం లేదా. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, బలానికి దానితో సంబంధం లేదు.

పిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. కోడిపిల్లలు పైకి ఆరోగ్యంగా ఉన్నా విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిములను మోస్తుండొచ్చు. ముద్దు పెట్టుకోనివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. ఐదేళ్లలోపు పిల్లలైతే దూరం నుంచి చూడటమే మంచిది.

అపోహ: ముట్టుకుంటే జ్వరం తెలిసిపోతుంది

తెలియదు. ఎండలో నిలబడ్డ పశువు చెవి వేడిగానే ఉంటుంది. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడాలి. ఆవుకు మామూలుగా 101.5 ఫారెన్‌హీట్ దగ్గర, మేకకు 102 నుంచి 103 దాకా ఉంటుంది. పశువులకు వాడే థర్మామీటరును వేరుగా పెట్టుకోండి.

అపోహ: ఒక్కరు బాగా చూసుకుంటే చాలు

చాలా ఇళ్లలో పశువుల సంగతులన్నీ ఒకే మనిషికి తెలిసి ఉంటాయి, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లకు. ఆ మనిషికి జ్వరం వస్తే పాలు పిండేవాళ్లుండరు. ఆవు ఎప్పుడు ఎదకొచ్చిందో, ఏ మేకకు ఏ మందు వేశారో చెప్పేవాళ్లుండరు. ఆమె నాలుగు రోజులు ఊరికి వెళ్లాలన్నా వెళ్లలేదు. ఇది న్యాయం కాదు, పశువులకు కూడా మంచిది కాదు. ఒకే చేతికి అలవాటుపడ్డ ఆవు కొత్త చేతికి సరిగా చేపదు. వారానికి ఒకటి రెండు పూటలైనా ఇంకొకరు పిండాలి.

గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీయండి. ఎదకు వచ్చిన తేదీ రాస్తే 21 రోజులకు మళ్లీ గమనించొచ్చు. ఎద కట్టించిన తేదీ ఉంటే ఆవుకు సుమారు 280 రోజులు, మేకకు 150 రోజులు లెక్కేసుకుని ఈనే సమయానికి సిద్ధంగా ఉండొచ్చు. ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేయడానికీ ఆ తేదీయే ఆధారం. టీకాలు, నట్టల మందు, మందు పేరు, పాలు వాడకూడని రోజులు, డాక్టరు ఫోన్ నెంబరు కూడా అందులోనే ఉండాలి. సాయంత్రం పూట పశువులు పడుకుని నెమరేస్తున్నాయో లేదో చూసి చెప్పే పని ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వండి. నెమరు ఆగిన పశువును వాళ్లు మనకంటే ముందే పసిగడతారు. చూసింది చూసినట్టు ఆ పూటే బుక్కులో రాయించండి.