ఆత్రేయపురం బోర్డు కింద అమ్మేది ఎవరి పూతరేకు?

పండగలొస్తే చాలు, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఏ స్వీటు కొట్టు చూసినా 'ఆత్రేయపురం పూతరేకులు' అని బోర్డు కనిపిస్తుంది. పక్కనే కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా, బందరు లడ్డు. ఊరి పేరు చెప్పి సరుకు అమ్మడం మనకు కొత్తేం కాదు. కానీ 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ ట్యాగ్ (సరుకు ఫలానా ఊరిదని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చాక ఆ పేరు ఎవరు వాడుకోవచ్చు అనేది చట్టానికి సంబంధించిన విషయం అయింది. ట్యాగ్ వచ్చేసింది కాబట్టి ఇక నకిలీలకు కాలం చెల్లిందని సంబరపడినవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ స్వీటు ఎలా తయారవుతుందో, ఎన్ని చేతులు మారుతుందో తెలిస్తే అంత ధీమాగా ఉండలేం.

ముందు ఊరి సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా దిగితే వచ్చేది ఆత్రేయపురం. 2022 జిల్లాల విభజనలో కోనసీమ జిల్లాలోకి వెళ్లింది గానీ జనం నోట్లో ఇప్పటికీ తూర్పుగోదావరే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది, ఆ నీళ్లే ఈ మండలం గుండా లొల్ల లాకుల దాకా వచ్చి అక్కడ చీలి కోనసీమలోకి పోతాయి. వరి, చెరకు, కొబ్బరి, పాడి అన్నీ ఒకేచోట ఉన్న నేల. పూతరేకుకు కావలసిన బియ్యం, బెల్లం, నెయ్యి, పొయ్యిలోకి కొబ్బరి మట్టలు, ఏదీ బయటి నుంచి తెచ్చుకునే పని లేదు. జీఐకి దరఖాస్తు చేసిన తయారీదారుల సంఘం కూడా తన పేరులో 'సర్ ఆర్థర్ కాటన్' అని పెట్టుకుంది. ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరు మిఠాయి సంఘానికి పెట్టుకోవడం గోదావరి జిల్లాల్లో తప్ప ఇంకెక్కడా కుదరదేమో!

ఇక తయారీ. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలకన్నా కాస్త చిక్కగా ఉండేలా నీళ్లు కలుపుతారు. అడుగు నున్నగా ఉండే ప్రత్యేకమైన కుండను బోర్లించి కింద మంట పెడతారు. పలచటి గుడ్డ ముక్కను పిండిలో ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో రేకు కట్టి అంచులు పైకి లేస్తాయి, వేళ్లతో తీసి పక్కన పెట్టడమే. చూడ్డానికి తేలిక. మంట కాస్త ఎక్కువైతే రేకు పేలిపోతుంది, తక్కువైతే కుండకే అతుక్కుంటుంది, పిండి చిక్కదనం తేడా వస్తే మందంగా అట్టలా వస్తుంది. ఆ కుండ ముందు గంటలకొద్దీ కూర్చునేది దాదాపు అందరూ ఆడవాళ్లే, అదీ ఇళ్లలోనే. ఎండాకాలంలో ఆ సెగ సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. రేకు తీయడం ఒక పని, చుట్టడం ఇంకో పని. తీసిన రేకులో ఉప్పూ కారం, తీపీ నూనె ఏవీ ఉండవు, అది ఎండు సరుకు, తేలిక, జాగ్రత్తగా కట్టలు కడితే నిలవుంటుంది. తడిగుడ్డతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి, మడిచేది తర్వాత ఎప్పుడైనా, ఎక్కడైనా. అందుకే ఒక ఇంట్లో రేకులు తీస్తారు, లెక్కన కొనుక్కెళ్లి ఇంకో ఇంట్లో చుడతారు, మూడోవాళ్లు డబ్బాలో పెట్టి అమ్ముతారు. రావులపాలెం దగ్గర హైవే మీద కొన్నా, ఊరికెళ్లొచ్చే చుట్టాలు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో డబ్బాలు తెచ్చినా వెనకున్నది ఇదే గొలుసు. గోదావరి జిల్లాల జనం హైదరాబాద్‌లో స్థిరపడ్డాక గొలుసు కాస్త పొడవైంది, అంతే. రేకుల కట్టలు సిటీకి వస్తాయి, నెయ్యీ జీడిపప్పూ ఇక్కడివి, చుట్టేదీ ఇక్కడే. చాక్లెట్ పూతరేకులు కూడా వచ్చేశాయి, దాని గురించి నేనేమీ అనను.

మరి ఇది ఆత్రేయపురం పూతరేకా, కాదా? రేకు అక్కడిదే. నెయ్యికి బదులు రాసిన డాల్డా వాసన మాత్రం ఆ ఊరిది కాదు.

కాజాకు ఈ తలనొప్పి తక్కువ. పిండి కలపడం, మడతలు వేసి కోయడం, వేయించడం, పాకంలో వేయడం అన్నీ ఒక్క బట్టీ దగ్గరే వరసగా జరిగిపోతాయి, సగంలో ఆపి వేరే ఊరికి పంపేది కాదు. పైగా దానికి మనిషి పేరుంది. కాకినాడ గొట్టం కాజా అంటే కోటయ్య, తాపేశ్వరం మడత కాజా అంటే పోలిశెట్టి సత్తిరాజు. కుటుంబం ఉంది, కొట్టు ఉంది, పేరు కాపాడుకోవాలన్న పట్టుదల ఉంది. పూతరేకుకు అలాంటి యజమాని ఎవరూ లేరు. అన్ని కుండల ముందూ కూర్చున్న అంతమంది ఆడవాళ్లలో ఒక్కరి పేరూ డబ్బా మీదికి ఎక్కలేదు, ఎక్కింది ఊరి పేరే. ఎవరి సొత్తూ కాని పేరు కాబట్టే ఎవరుపడితే వాళ్లు వాడేసుకున్నారు. జీఐ చట్టం సరిగ్గా ఇలాంటి సరుకుల కోసమే వచ్చింది. 1999లో చేసి 2003లో అమల్లోకి తెచ్చారు, తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో గుర్తింపు వచ్చింది. ఆత్రేయపురం వంతు బాగా ఆలస్యం.

అయితే ట్యాగ్ ఒకసారి వస్తే అందరికీ వర్తించేది కాదు. పేరు రిజిస్టర్ చేయడం ఒక మెట్టు, దాన్ని వాడుకునే తయారీదారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు చేసుకోవడం ఇంకో మెట్టు. పదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. కాగితాలు, ఆఫీసులు, ఫారాలు అంటే జడవకుండా ముందుకొచ్చేది చుట్టి అమ్మే వ్యాపారులే, కుండ దగ్గరున్న మనిషికి తీరికెక్కడిది? నా లెక్కలో ఈ వ్యవహారంలో పెద్ద లోటు ఇదే. నైపుణ్యమంతా రేకులో ఉంది, లాభం చుట్టిన డబ్బాలో ఉంది.

ఇంకో ముచ్చట. పూతరేకుకు జయ రకం బియ్యమే వాడాలని, అదే సంప్రదాయమని ఊళ్లో గట్టిగా చెబుతారు. జయ విడుదలైంది 1968లో. పూతరేకులు అంతకన్నా చాలా పాతవి కాబట్టి, ముందు ఇంకేదో ముతక రకంతో తీసేవారన్నమాట. ఆ తర్వాత మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ లాంటి రకాలు వచ్చి డెల్టా పొలాల్ని ఆక్రమించాయి. సంప్రదాయం కూడా విత్తనాన్ని బట్టి మారుతూ వచ్చింది, రేకు మాత్రం పలచగానే ఉంది. అందుకని ఫలానా బియ్యం, ఫలానా కుండ అని మరీ గిరి గీసుకుని కూర్చుంటే రేపు ఊరివాళ్లకే ఇబ్బంది.

కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. కొట్లో అడగండి: రేకు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ నెయ్యి, చుట్టి ఎన్ని రోజులైంది అని. కొత్త రేకు నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది, పాతదైతే పళ్లకు కాగితంలా తగులుతుంది. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలే కొట్లో మాత్రం బోర్డు ఎంత పెద్దదున్నా కొనకండి.