మూడో 21వ క్రోమోజోమ్ ఎక్కడి నుంచి వచ్చింది? అపోహలు - వాస్తవాలు

బిడ్డకు 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉన్నాయని, అంటే డౌన్ సిండ్రోమ్ అని కారియోటైప్ (క్రోమోజోముల లెక్క, ఆకారం చూసే పరీక్ష) రిపోర్టు చూపించగానే, జన్యు కౌన్సెలింగ్‌కు వచ్చినవాళ్ళ చూపులన్నీ తల్లి వైపు తిరుగుతాయి. గ్రహణం నాడు బయటికి వెళ్ళిందని ఒకరు, జ్వరానికి మాత్రలు మింగిందని ఇంకొకరు, స్కానింగులు ఎక్కువయ్యాయని మరొకరు. ఈ మాటలు విని విని విసుగొచ్చింది. అందుకే ముందు ఈ సంగతే.

అపోహ: గర్భంతో ఉన్నప్పుడు తల్లి చేసిన పని వల్లే డౌన్ సిండ్రోమ్ వచ్చింది.

వాస్తవం: నెల తప్పేనాటికే అది జరిగిపోయి ఉంటుంది. కణం విడిపోయే ముందు డీఎన్ఏ మొత్తం కాపీ అవుతుందని స్కూల్లో చదువుకున్నాం. అండకణాల్లో ఆ కాపీ ఎప్పుడు జరుగుతుంది? ఆ స్త్రీ ఇంకా తన తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే! ఆ తర్వాత మియోసిస్ (క్రోమోజోములను సగానికి తగ్గించే కణవిభజన) మొదలై మధ్యలో ఆగిపోతుంది. పెద్దమనిషి అయ్యాకే ఆ అండాలు నెలనెలా మళ్ళీ కదులుతాయి. అంటే 35 ఏళ్ళ వయసులో విడుదలయ్యే అండంలో క్రోమోజోములు అంతకన్నా ఎక్కువ కాలంగా జంటలుగా అతుక్కుని ఉన్నాయన్నమాట. వాటిని పట్టి ఉంచేది కోహెసిన్ అనే ప్రొటీన్. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. చెరో వైపు పోవాల్సినవి రెండూ ఒకే వైపు పోతాయి. దీన్నే నాన్‌డిస్‌జంక్షన్ అంటాం. అందుకే 20 ఏళ్ళ తల్లికి సుమారు 1500 కాన్పుల్లో ఒకటిగా ఉండే అవకాశం 35 ఏళ్ళకు 350లో ఒకటి, 40 ఏళ్ళకు 100లో ఒకటి అవుతుంది. పాతికేళ్ళ అమ్మాయికీ రావచ్చు. కొద్ది మందిలో ఆ అదనపు క్రోమోజోమ్ తండ్రి నుంచి వస్తుంది, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

ఒకసారి ఒక పెద్దావిడ కోడలిని పక్కన కూర్చోబెట్టుకునే "గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకోవద్దన్నా వినలేదు మేడమ్" అన్నారు. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ అమ్మాయి "అయితే నేను పుట్టకముందే కాపీ అయిపోయిందా?" అని రెండుసార్లు అడిగి ఏడ్చేసింది. నెలల తరబడి నిద్ర లేదట. ఈలోగా బిడ్డకు గుండె ఎకో కూడా తీయించలేదు. నాకు బాధ కలిగేది ఇక్కడే. డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలో లోపం ఉంటుంది. కొన్నింటికి మొదటి కొన్ని నెలల్లోనే ఆపరేషన్ చేయాలి, ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు దెబ్బతింటాయి. ఎకో, థైరాయిడ్ పరీక్ష వెంటనే చేయించండి.

అపోహ: మేనరికం వల్ల వచ్చింది. తలసీమియా వంటి రిసెసివ్ జబ్బులకు (అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చేవి) మేనరికంతో ముప్పు పెరుగుతుంది, నిజమే. మామూలు ట్రైసోమీకి (ఒకే క్రోమోజోమ్ విడివిడిగా మూడు ఉండటం) మేనరికంతో పని లేదు.

అపోహ: డీఎన్ఏ కాపీలో తప్పు పడింది. లేదు, కాపీ సరిగ్గానే అయింది, పంపకంలో తేడా వచ్చింది.

అపోహ: రిపోర్టులో క్రోమోజోములు అందరిలాగే 46 అనే ఉంది, కాబట్టి ల్యాబ్ వాళ్ళు పొరబడ్డారు. ఇది కాస్త ఆగి చదవండి. 3-4 శాతం మందిలో మూడో 21వ క్రోమోజోమ్ విడిగా కనిపించదు, 14వ దానికో మరో దానికో అతుక్కుని ఉంటుంది. లెక్క 46, బిడ్డకు మాత్రం డౌన్ సిండ్రోమ్. దీన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటాం. ఇలా ఉంటే అమ్మానాన్నలిద్దరికీ కారియోటైప్ చేయించాలి. తల్లిలో 14-21 అతుకు ఉంటే మళ్ళీ వచ్చే అవకాశం 10-15 శాతం. విడిగా మూడు ఉన్న మామూలు ట్రైసోమీలో అమ్మానాన్నల పరీక్ష అక్కర్లేదు, చిన్న వయసు తల్లికి మళ్ళీ వచ్చే అవకాశం ఒక శాతం దాకా ఉంటుంది. కాబట్టి రెండో బిడ్డ గురించి అడగడానికి వచ్చేటప్పుడు మొదటి బిడ్డ కారియోటైప్ రిపోర్టు తప్పకుండా తెచ్చుకోండి. అది చూడకుండా ఏ శాతం చెప్పినా ఊహే అవుతుంది.