డబ్బా రేటు తర్వాత, ముందు కొండ ఎంత ఎత్తో చూస్కోండి

మన ఒడిశా వైపు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో డాబా మీద చేతి స్కానర్, అంటే విమానాలు, ఓడల రేడియో మాటలు వెతికి వినే చిన్న సెట్, ఆన్ చేసినవాళ్ళు మొదట అడిగేది దాదాపు ఒకటే. పైన పోయే ఫ్లైట్‌లో పైలట్ మాట పక్కనే ఉన్నట్టు వస్తుంది, కింద నుంచి జవాబిచ్చే కంట్రోలర్ మాట ఒక్క ముక్క కూడా రాదు, సెట్ పోయిందా అని. సెట్ బాగానే ఉంది, పోయింది ఏంటంటే భూమి గుండ్రంగా ఉందన్న గుర్తు.

ఈ స్కానర్లు వినే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అనే బాగా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న తరంగాలు కాస్త అటూఇటూగా సూటిగానే పోతాయి, భూమి వంపు వెంట తిరగవు. లెక్క చాలా సింపుల్: ఎత్తుని మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12 తో గుణిస్తే అన్ని కిలోమీటర్ల దాకా రేడియోకి దారి కనిపిస్తుంది. 10,000 మీటర్ల ఎత్తులో ఉన్న విమానానికి అది 412 కిలోమీటర్లు, అంటే కలకత్తా నుంచి చెన్నై పోయే ఫ్లైట్ మన తీరం దాటి సముద్రం మీద ఉన్నా దొరుకుతుంది. అదే 9 మీటర్ల డాబా మీద మీకు 12 కిలోమీటర్లు, అవతల 30 మీటర్ల టవర్ ఉందనుకుంటే దానికి ఇంకో 22 కలపండి, మొత్తం మీద 35 కూడా రాలేదు. పర్లాకిమిడి నుంచి వైజాగ్ సూటిగా గీత గీస్తేనే 150 దాకా ఉంది, భువనేశ్వర్ ఇంకా దూరం. ఎలా వినిపిస్తుంది?

ఇప్పుడు అదే లెక్క మహేంద్రగిరికి వేయండి. మన గజపతి జిల్లా కొండే, ఎత్తు 1501 మీటర్లు, గుణిస్తే దగ్గర దగ్గర 160 కిలోమీటర్లు. గోపాల్‌పూర్ రేవు హాయిగా లోపలికి వచ్చేస్తుంది, వైజాగ్‌లో 30 మీటర్ల యాంటెనా ఉంటే అది సరిగ్గా అంచు మీద పడుతుంది, ఒకరోజు వచ్చి ఒకరోజు రాకుండా ఏడిపించే దూరం. అందుకే ఏ మోడల్ కొనమంటారు అని అడిగేవాళ్ళకి నేను ముందు మీరు ఉండేది ఎక్కడ, చుట్టూ కొండలు ఎటు ఉన్నాయి అని అడుగుతా. కోరాపుట్ వైపు లోయలో ఉన్న ఊళ్ళో ఎంత ఖరీదు సెట్ పెట్టినా కొండ అడ్డమొస్తే అడ్డమే.

సముద్రం మీద కూడా ఇదే కథ. గోపాల్‌పూర్ తీరంలో నోలియాలున్నారు కదా, తరాల కిందట వెళ్ళి అక్కడే ఉండిపోయిన మన తెలుగు మత్స్యకారులు, వాళ్ళలాంటివాళ్ళ బోటు మీద యాంటెనా 4 మీటర్ల ఎత్తులో ఉంటే దాని చూపు 8 కిలోమీటర్లే. బోటుకీ బోటుకీ అయితే 16. ఆపదలో పిలవడానికి ప్రపంచమంతా వాడే మెరైన్ ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, దాన్ని వినే తీర కేంద్రాలు ఎత్తు టవర్ల మీద యాంటెనా కట్టుకునేది అందుకే.

సరే, సెట్ చేతికొచ్చింది, ఇప్పుడు సెట్టింగులు. చాలామంది స్క్వెల్చ్ దగ్గరే తేలిపోతారు. సిగ్నల్ లేనప్పుడు వచ్చే బుస్సుమనే రొదని మూసేసే తలుపు అది, రొద ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ ఆపాలి, ఇంకాస్త తిప్పితే రొదతో పాటు బలహీనమైన స్టేషన్లు కూడా బయటే ఉండిపోతాయి. తర్వాత మోడ్, అంటే మాటని తరంగం మీద ఎక్కించే పద్ధతి, తరంగం బలాన్ని మారిస్తే ఏఎం, ఫ్రీక్వెన్సీని మారిస్తే ఎఫ్ఎం. విమానాల బ్యాండ్ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా, అక్కడ ఏఎం పెట్టాలి, ఎఫ్ఎంలో పెడితే మాట సరిగ్గా రాదు. ఇంత ఆధునికంగా ఉండే విమానాలు పాతకాలపు ఏఎంనే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాయి అని అనుమానం రావొచ్చు, దానికి మంచి కారణం ఉంది. ఇద్దరు పైలట్లు ఒకేసారి బటన్ నొక్కారనుకోండి, ఎఫ్ఎంలో అయితే బలంగా ఉన్న సిగ్నల్ రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండో ఆయన పిలిచినట్టు కంట్రోలర్‌కి తెలియనే తెలియదు. ఏఎంలో రెండూ కలిసి కీచుమంటాయి, మాట అర్థం కాకపోయినా ఇంకెవరో పిలిచారని తెలుస్తుంది, మళ్ళీ చెప్పండి అంటారు. ఎమర్జెన్సీకి వాడే 121.5 కూడా ఈ ఏఎంలోనే.

స్కాన్, సెర్చ్ వేరువేరు. మీరు మెమరీలో పెట్టుకున్న ఛానళ్ళ మీద చుట్టూ తిరిగేది స్కాన్, ఈ ఫ్రీక్వెన్సీ నుంచి ఆ ఫ్రీక్వెన్సీ దాకా మెట్టు మెట్టుగా వెతుక్కుంటూ పోయేది సెర్చ్. మెట్టు ఎంతో మీరే చెప్పాలి, 25 కిలోహెర్ట్జ్ దూరంలో ఉన్న ఛానళ్ళని 5 మెట్టుతో వెతికితే టైమ్ దండగ. మాట ఆగిన వెంటనే స్కానర్ పరిగెత్తకుండా రెండు సెకన్లు డిలే పెట్టుకోండి, లేకపోతే ప్రశ్న విని జవాబు పోగొట్టుకుంటారు. ఊరికే గుయ్యిమంటూ ప్రతిసారీ స్కానర్‌ని ఆపేసే చోట్లుంటాయి, వాటిని స్కిప్ చేసేయండి, అందులో కొన్ని సెట్ లోపలి సర్క్యూటే పుట్టించేవి.

ఇక్కడ ఒక సరదా సంగతి చెప్పకుండా ఉండలేను. రేడియోలు వచ్చిన సిగ్నల్‌ని నేరుగా వాడుకోవు, లోపల ఇంకో సిగ్నల్ పుట్టించి రెండూ కలిపి తేడాని తీసుకుంటాయి, ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో కనిపెట్టిన పద్ధతి ఇది. పాత ఎఫ్ఎం ట్రాన్సిస్టర్లలో ఆ తేడా 10.7 మెగాహెర్ట్జ్. మీరు 101 పెడితే లోపల 111.7 పుడుతుంది, 101కీ దానికీ తేడా 10.7, బాగానే ఉంది, కానీ 122.4కీ దానికీ తేడా కూడా 10.7 నే! ఎయిర్‌పోర్ట్ దగ్గర పాత రేడియోలో పాటల మధ్య పైలట్ గొంతు దూరేది ఇలాగే. పైగా లోపల పుట్టే ఆ 111.7 కొంచెం బయటికి కూడా కారుతుంది, అది విమానాలు దారి చూసుకునే 108-118 బ్యాండ్‌లో పడుతుంది, అందుకే ఫ్లైట్‌లో ఎఫ్ఎం రేడియో పెట్టొద్దనేవాళ్ళు.

యాంటెనా గురించి: 75ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే పావు తరంగం పొడవు మీటర్లలో వస్తుంది, యాంటెనా అంత ఉంటే బాగా పడుతుంది, 121.5కి 62 సెంటీమీటర్లు, 156.8కి 48. సెట్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెనా అన్నిటికీ సర్దుకుపోయేది, అంటే దేనికీ పూర్తిగా సరిపోనిది. ఎల్ఈడీ బల్బులు, చవక ఛార్జర్లు ఏఎంలో చేసే గోల ఎంతో తెలియాలంటే కరెంటు పోయినప్పుడు ఆన్ చేసి చూడండి, మన ఊళ్ళల్లో ఆ అవకాశానికి కొదవ లేదు.

ఇక సూటి దారి లెక్కని కూడా ప్రకృతి అప్పుడప్పుడు తప్పిస్తుంది. నేల మీది వేడి పొడి గాలి సముద్రం మీది చల్లటి తడి గాలి పైకి వచ్చి మూతలా కూర్చుంటే తరంగాలు ఆ పొర కిందే వంగుతూ వందల కిలోమీటర్లు పోతాయి, ఇచ్ఛాపురం నుంచి గోపాల్‌పూర్ దాకా తీరంలో ఉన్నవాళ్ళకి ఈ అదృష్టం ఉంది, మాలా కొండ పక్కన ఉన్నవాళ్ళకి తక్కువ.

చట్టం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ఉన్నప్పుడూ, దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికం చట్టంలోనూ, ఇలాంటి రేడియో సెట్ దగ్గర ఉంచుకోడానికే అనుమతి కావాలి. పోలీస్, రైల్వే, విమానాల మాటలు మనకోసం కాదు, వాటిని వినడమే చిక్కు, రికార్డ్ చేసి గ్రూపుల్లో పెట్టడం ఇంకా పెద్ద చిక్కు. మావోయిస్టుల పేరు వినిపించే మల్కనగిరి, కోరాపుట్, గడ్చిరోలి లాంటి చోట్ల అడవిలో యాంటెనాతో కనిపిస్తే మీ హాబీ గురించి వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఇష్టం నిజంగా ఉంటే హామ్, అంటే హాబీ రేడియో, లైసెన్స్ పరీక్ష రాయండి, 12 ఏళ్ళు నిండితే చాలు. తిత్లీ లాంటి తుఫాను వస్తే వార్తల కోసమైతే మామూలు ట్రాన్సిస్టరే మేలు, మీడియం వేవ్ నేలని పట్టుకుని పాకుతుంది, కొండలకి అంతగా భయపడదు.

హామ్ అయ్యాక మొదట నేను పట్టమనేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, 145.800, ఎఫ్ఎం. స్కూలు పిల్లలతో వ్యోమగాములు మాట్లాడేది, అప్పుడప్పుడు బొమ్మలు పంపేది ఇందులోనే. 400 కిలోమీటర్ల ఎత్తు కాబట్టి ఆకాశంలో బాగా పైకొచ్చాక ఏ కొండా అడ్డం కాదు, పాస్, అంటే మన మీదుగా పోయే ఒక్కో చుట్టు, బాగుంటే పది నిమిషాలు దొరుకుతుంది. సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా వేగం వల్ల దగ్గరికొచ్చేటప్పుడు ఫ్రీక్వెన్సీ మూడు కిలోహెర్ట్జ్ పైగా పెరిగి, దూరమయ్యేటప్పుడు అంతే తగ్గుతుంది, అందుకని 145.805, 145.800, 145.795 మూడూ పక్కపక్క ఛానళ్ళలో పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి మార్చండి. యాంటెనా కొనని దానివైపు గురిపెట్టొద్దు, కొన వైపే సిగ్నల్ అన్నిటికంటే తక్కువ, అడ్డంగా పట్టుకుని మణికట్టు తిప్పుతూ ఎక్కడ బాగా వస్తే అక్కడ ఆపండి.