చెట్ల మధ్య తేడాకు కొలత: రావు సూత్రం వెనుక కథ

హైదరాబాద్ కేబీఆర్ పార్కులాంటి చోట రెండు ప్లాట్లు గీశామనుకుందాం. ఒక్కోదాంట్లో రెండేసి జాతుల చెట్లు సమానంగా ఉన్నాయి. జాబితా రాసేవారికి రెండు ప్లాట్లూ ఒకటే. కానీ మొదటిదాంట్లో ఉన్నవి సుబాబుల్, గ్లిరిసిడియా. రెండూ చిక్కుడు కుటుంబానివే, త్వరగా ఎదిగేవే, వేళ్లలో నత్రజనిని పట్టేవే. రెండోదాంట్లో సుబాబుల్ పక్కన టేకు ఉంది. చెట్లు నేలకూ నీటికీ చేసే పనిలోని ఈ తేడానే క్రియాత్మక వైవిధ్యం అంటాం.

1948లో షానన్, 1949లో సింప్సన్ ఇచ్చిన వైవిధ్య సూచీలకు ఈ తేడా కనబడదు. జాతుల వాటాలు తప్ప వాటి పోలికలు వాటికి పట్టవు. ఆ లోటు తీర్చిన సూత్రం మన తెలుగువాడిది కావడం గర్వంగా చెప్పుకోవాల్సిన మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు దాన్ని 1982లో ప్రచురించారు. ఆయన పేరిట ఉన్న సంస్థ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోనే ఉంది.

లెక్క సులువు. రెండు జాతుల వాటాలను, వాటి మధ్య దూరాన్ని (అంటే లక్షణాల్లోని తేడాను) గుణించి, ప్రతి జతనూ రెండుసార్లు కూడాలి. మొదటి ప్లాటులో దూరం 0.2 అనుకుంటే 2 × 0.5 × 0.5 × 0.2 = 0.1. రెండోదాంట్లో దూరం 0.8 అయితే 0.4. అక్కడే సుబాబుల్ 90 శాతానికి పెరిగిపోతే విలువ 0.144కు పడిపోతుంది. దూరాలన్నీ 1 అనుకుంటే మిగిలేది సింప్సన్ సూచీయే.

పర్యావరణ శాస్త్రవేత్తలు దీన్ని వెంటనే అందుకోలేదు. 1997లో మిన్నెసోటాలోని సీడార్ క్రీక్ ప్రయోగాల్లో టిల్‌మన్ బృందం మొక్కలను గుంపులుగా విడదీసి లెక్కించింది. గుంపుల మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే చిక్కు. 2002లో పెచీ, గాస్టన్ జాతులను పోలికల ప్రకారం కలుపుతూ వంశవృక్షంలాంటి బొమ్మ గీసి దాని కొమ్మల పొడవులు కూడారు. అనేక లక్షణాలను కలిపి కొలవడానికి రావు సూత్రమే తగినదని 2005లో బోటా-డూకాట్ చూపారు. 2008లో విలేజే బృందం వైవిధ్యాన్ని విస్తృతి (లక్షణాలు ఎంత మేర పరుచుకున్నాయి), సమత (ఆ మేరలో ఎంత సమానంగా పంచుకున్నాయి), విభేదం (వాటాలు నడిమి నుంచి ఎంత దూరంగా ఉన్నాయి) అని మూడుగా విడగొట్టింది.

ఇంతా చేసి, సూత్రానికి ఆధారం కోసుకొచ్చిన ఆకే. ఆకు వైశాల్యాన్ని ఎండు బరువుతో భాగించే కొలతనే చూడండి. జాతికి 5 నుంచి 10 చెట్లు, ఎండ తగిలే చోట పూర్తిగా విచ్చిన, తెగులు లేని ఆకులు కావాలి. వేసవిలో టేకు మోడువారి ఉంటుంది కాబట్టి వానలు కుదురుకున్నాక వెళ్లాలి. కొమ్మతో సహా కోసి, తడి కాగితం చుట్టి, కవరులో మూసి ఐస్‌పెట్టెలో తేవాలి. వాడిపోతే ఆకు ముడుచుకుని వైశాల్యం తక్కువగా వస్తుంది. టేకాకు స్కానరు మీద పట్టదు. ముక్కలుగా కోసి వైశాల్యాలు కూడాలి. సుబాబుల్‌కు చిట్టి ఆకు కొలుస్తారా, ఈనెతో సహా మొత్తం ఆకా అన్నది ముందే తేల్చుకోవాలి. 70 డిగ్రీల ఓవెన్‌లో 72 గంటలు ఆరబెట్టి, తీసిన వెంటనే తూచాలి. వానాకాలపు గాలిలో ఆకు తేమ పీల్చి బరువెక్కుతుంది.

తర్వాత దూరాల లెక్క. కొలతలను ఒకే స్కేలుకు తేకపోతే పెద్ద అంకెలున్న లక్షణమే అంతా ఏలుతుంది. ఆకు పొడవు, వెడల్పు రెండూ పెడితే ఒకే విషయం రెండుసార్లు పడుతుంది. పూల రంగులాంటి వర్గాలు కలిస్తే గోవర్ 1971లో ఇచ్చిన దూరం వాడాలి.

విస్తృతి కొలతతో మరింత జాగ్రత్త అవసరం. జాతుల సంఖ్య లక్షణాల సంఖ్య కంటే ఎక్కువుండాలి. పైగా అది వాటాలను చూడదు కాబట్టి, ఎక్కడో నాటిన ఒక్క వింత చెట్టు కూడా విలువను అమాంతం పెంచేస్తుంది. పక్కనే రావు సూచీ కూడా ఇస్తే ఆ మోసం బయటపడుతుంది. ప్రపంచ డేటాబేసుల్లో టేకుకు దొరికే విలువ ఏ తడి నేలదో కావచ్చు. మొత్తంలో 80 శాతం వాటా దాటేదాకా ప్రధాన జాతులను ఇక్కడి రాతినేల మీదే కొలవాలి.