వాచ్ అంటే చూడటమేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీష్ నేర్పేవాళ్లకు నోరు తిరగని పదాలతో పెద్దగా ఇబ్బంది ఉండదు, డిక్షనరీ తీస్తే తేలిపోతుంది. తిప్పలన్నీ వాచ్ లాంటి అందరికీ తెలిసిన మాటలతోనే.

అపోహ: సీ, లుక్, వాచ్ మూడూ ఒకటే.
వాస్తవం: మన "చూడు" అన్ని పనులూ చేసిపెడుతుంది. పాలు పొంగకుండా చూడు, రుచి చూడు, అడిగి చూడు. ఆ అలవాటుతో ఇంగ్లీషులోనూ నోటికొచ్చింది వాడేస్తాం. కంటపడితే సీ. కావాలని చూపు తిప్పితే లుక్. కదిలేదాన్నో, మారబోయేదాన్నో కాసేపు గమనిస్తూ ఉంటే వాచ్. దారిలో పాము కనబడిందని చెప్పడానికి "ఐ వాచ్‌డ్ ఎ స్నేక్" అన్నారనుకోండి. మీరు పారిపోకుండా అక్కడే నిలబడి, అదేం చేస్తోందో తీరిగ్గా చూశారని అవతలివాళ్లు అనుకుంటారు! గోడ మీది ఫొటో కదలదు కాబట్టి దానికి లుక్ ఎట్.

అపోహ: సినిమాకు వాచ్ తప్ప ఇంకేదీ వాడకూడదు.
వాస్తవం: టీవీకి, ఇంట్లో పెట్టుకునే సినిమాకు వాచ్. థియేటర్‌కు వెళ్లి చూస్తే సీ అనడమే ఎక్కువ.

అపోహ: చేతి వాచీకీ, ఈ చూడటానికీ సంబంధం లేదు.
వాస్తవం: నాకు బాగా ఇష్టమైన పాఠం ఇది. వాచ్, వేక్ రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయి. పాత ఇంగ్లీషులో దాని అర్థం మేలుకొని ఉండటం. అందులోంచే కాపలా, కాపలా వంతు అనే అర్థాలు వచ్చాయి. చేతి వాచీకి పేరొచ్చిందీ ఆ మాట నుంచే. ఓడల్లో ఇప్పటికీ డ్యూటీ వంతును వాచ్ అనే అంటారు. ఆనవాయితీగా ఒక్కోటి 4 గంటలు. సాయంత్రం 4 నుంచి 8 దాకా మాత్రం రెండేసి గంటల డాగ్ వాచ్‌లు. టెస్ట్ క్రికెట్‌లో ఆ రోజు ఆట ముగిసే వేళ వికెట్ పడితే మంచి బ్యాటర్‌ను దాచుకుని, కిందివరుస ఆటగాణ్ని నైట్‌వాచ్‌మన్‌గా పంపేదీ కాపలాకే. 2006లో చిట్టగాంగ్‌లో బంగ్లాదేశ్ మీద అలా కాపలాకొచ్చిన ఆస్ట్రేలియా బౌలర్ జేసన్ గిలెస్పీ ఏకంగా 201 నాటౌట్ కొట్టాడు, అది వేరే సంగతి.

అపోహ: టోర్నడో (భీకర సుడిగాలి) వాచ్ అని వాతావరణ హెచ్చరిక వస్తే ప్రమాదం వచ్చిపడినట్టే.
వాస్తవం: అమెరికాలో మనవాళ్లు ఫోన్ చూసి టెన్షన్ పడేది దీనికే. వాచ్ అంటే టోర్నడో వచ్చే పరిస్థితులు ఉన్నాయి, సిద్ధంగా ఉండండి అని. వార్నింగ్ అంటే అది కంటబడింది, లేదా రాడార్‌లో తెలిసింది. తక్షణం తలదాచుకోవాల్సింది అప్పుడు.

అపోహ: "వాచ్‌డ్ హర్ టు క్రాస్" అనాలి.
వాస్తవం: టు రాదు. "వాచ్‌డ్ హర్ క్రాస్" అంటే ఆమె రోడ్డు పూర్తిగా దాటేదాకా చూశాను. "క్రాసింగ్" అంటే దాటుతుండగా చూశాను, అవతలికి చేరిందో లేదో చెప్పలేదు.

అపోహ: వాచ్ అవుట్ అంటే బయటికి చూడమని.
వాస్తవం: ఎవరైనా అలా అరిస్తే కిటికీ వైపు తిరగకండి, ముందు పక్కకు జరగండి. లుక్ అవుట్ అని అరిచినా అంతే.