నిరుద్యోగం లెక్క: ఒకే ఏడాదికి మూడు అంకెలు

2004-05లో దేశంలో నిరుద్యోగం ఎంత? జాతీయ నమూనా సర్వే 2.3 శాతమనీ చెప్పింది, 4.4 అనీ చెప్పింది, 8.2 అనీ చెప్పింది. మూడూ సరైనవే. ఎంత కాలాన్ని చూసి లెక్క కట్టారన్నదే తేడా.

తొలి ప్రణాళికల రోజుల్లో దేశం మొత్తానికీ ఒకటే అంకె ఉండేది. రెండో ప్రణాళిక ముగిసేనాటికి 90 లక్షల మందికి పని లేదని మూడో ప్రణాళిక పత్రం రాసింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన పేర్లు ఇంకో ఆధారం. కానీ కూలికి వెళ్లే మనిషి ఆ ఆఫీసు గడప ఎందుకు తొక్కుతాడు?

ఈ అంకెల మీద అనుమానాలు ముదిరి, 1968లో ప్రణాళికా సంఘం ఆర్థికవేత్త ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన కమిటీ వేసింది. సొంత సేద్యం, ఇంటిల్లిపాదీ చేసే పని, సీజన్ కూలీ కలగలిసిన దేశంలో అందరినీ ఒకే గాటన కట్టి ఒక్క అంకె చెప్పడం కుదరదని 1970లో ఆ కమిటీ తేల్చింది. ఎంతో నిజాయతీ ఉన్న మాట అది. అలా 1972-73 సర్వే నుంచి ఏడాది లెక్క, వారం లెక్క, రోజువారీ లెక్క వచ్చాయి. మొదట చెప్పిన 2.3, 4.4, 8.2 వరుసగా ఈ మూడే.

వరంగల్ వైపు పత్తి చేలో కలుపు తీసే ఒకామె సంగతి చూడండి. ఈ వారం ఒక రోజంతా, మర్నాడు ఒక పూట పని దొరికింది. మిగతా రోజులు పిలిస్తే వెళ్లేదే, ఎవరూ పిలవలేదు. వారం లెక్కలో ఆమెకు ఉపాధి ఉన్నట్టే, ఎందుకంటే ఏదో ఒక రోజు గంటసేపు పని చేసినా చాలు. ఏడాది లెక్కలోనైతే 30 రోజుల పనితోనే ఉపాధి ఉన్నవాళ్లలో చేరిపోవచ్చు. రోజువారీ లెక్క మాత్రం పూటలు లెక్కపెడుతుంది: 14 పూటల్లో 3 పని, 11 ఖాళీ. 8.2 శాతం ఇలాంటి ఖాళీ పూటలను కూడితే వచ్చిందే.

ఐదేళ్లకోసారి జరిగే ఆ సర్వేల స్థానంలో 2017 ఏప్రిల్ నుంచి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) నడుస్తోంది. 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం అన్నవి ఏడాది లెక్కలు. 2025 ఏప్రిల్‌కు వచ్చిన 5.1 శాతం వారం లెక్క. టీవీ చర్చల్లో ఈ రెండు రకాల అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో వాదించుకోవడంలో అర్థం లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. ఈ ప్రకటనల్లో ఏడాది, వారం అంకెలే ముందుంటాయి, పూటల లెక్క కనబడదు. ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారని పీఎల్‌ఎఫ్‌ఎస్ ప్రశ్నావళి అడుగుతూనే ఉంది. ఆ జవాబుల నుంచి రోజువారీ రేటు కూడా కట్టి, మిగతా రెండింటి పక్కనే ప్రకటించాలి.