దిశ 'చట్టం': కోర్టు వరండాలో వినే అపోహలు, అసలు సంగతులు

2021లో ఒక పెద్దావిడ మా ఆఫీసుకొచ్చి కొంగు ముడి విప్పి మడతలు చిరిగిన కాగితం నా బల్ల మీద పెట్టింది. "లాయరమ్మా, మా వాణ్ణి దిశ కింద పెట్టారంట. ఇరవై ఒక్క రోజుల్లో ఉరేస్తారంట కదా!" అంది. అది ఎఫ్ఐఆర్ కాపీ. సెక్షన్ల దగ్గర ఐపీసీ (అప్పటి శిక్షాస్మృతి) 354డి, 509 అని ఉంది. అంటే అమ్మాయి వెంట పడటం, మాటలతో అవమానించడం. మొదటిసారైతే రెండింటికీ మూడేళ్ల దాకా శిక్ష, రెండూ బెయిలు ఇవ్వదగ్గవే. స్టేషన్ పేరులో తప్ప ఆ కాగితంలో 'దిశ' అన్న మాట ఎక్కడా లేదు.

కొన్ని వారాలకే ఒక ఆడపిల్ల తండ్రి వచ్చాడు. ఆయన బాధ దీనికి తలకిందులు. "మా కేసు దిశ కింద ఎందుకు కట్టలేదు మేడమ్, డబ్బులు తిన్నారా?" ముద్దాయి తల్లి, బాధితురాలి తండ్రి ఇద్దరూ అడిగింది లేని చట్టం గురించే. నేను రెండు వైపులా వాదిస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ వస్తూనే ఉంటుంది.

అపోహ: దిశ చట్టం వచ్చింది, కొన్నాళ్లు అమలైంది.

రాలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న ఆమోదించింది బిల్లులను: ఆడవాళ్ల మీద నేరాలకు శిక్షలు పెంచే క్రిమినల్ లా సవరణ బిల్లు ఒకటి, ప్రత్యేక కోర్టుల బిల్లు ఇంకొకటి. కేంద్రం అభ్యంతరాలు చెప్పాక 2020లో సవరించి మరోసారి ఆమోదించారు. రాష్ట్రపతి సంతకం మాత్రం పడలేదు. జనాన్ని తప్పు పట్టడానికీ లేదు, ఎందుకంటే క్రిమినల్ లా సవరణ బిల్లు పేరే 'ఆంధ్రప్రదేశ్ దిశ యాక్ట్' అని మొదలవుతుంది. పుట్టకముందే బారసాల చేసినట్టు, బిల్లుకే యాక్ట్ అని పేరు పెట్టారు.

మరి దిశ పోలీస్ స్టేషన్లు, యాప్? అవి నిజంగానే వచ్చాయి. మొదటి స్టేషన్‌ను 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో ప్రారంభించారు, మొత్తం పద్దెనిమిది పెట్టారు. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోది. స్టేషన్ పెట్టడానికీ, దానికి పేరు పెట్టడానికీ ఢిల్లీ సంతకం అక్కర్లేదు. ఆ స్టేషన్లలో కట్టిన కేసులన్నీ ఐపీసీ, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఐటీ లాంటి అప్పటికే ఉన్న చట్టాల సెక్షన్లవే. ఇదంతా ఆ పెద్దావిడకు చెప్పాను. అంతా విని, "మరి బోర్డు మీద అంత పెద్దక్షరాలతో ఎందుకు రాశారమ్మా?" అంది. దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

అపోహ: హైదరాబాద్ పశువైద్యురాలి కేసు ముద్దాయిలకు ఉరి వేయడానికే ఈ చట్టం.

ఇందులో మూడు తప్పులున్నాయి. ఆ ఘోరం (అత్యాచారం, హత్య; 'దిశ' అన్నది ఆ బాధితురాలికి పోలీసులు పెట్టిన పేరు) 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర జరిగింది. అది తెలంగాణ, బిల్లు ఆంధ్రప్రదేశ్‌ది. రెండు, డిసెంబరు 6నే నలుగురు నిందితులూ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. బిల్లు సభలో గట్టెక్కింది సరిగ్గా వారానికి. (ఆ ఎన్‌కౌంటర్ కట్టుకథ అనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలనీ సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది.) మూడోది, లా కాలేజీలో తొలి ఏడాదే చెప్పే పాఠం: రాజ్యాంగం 20(1) అధికరణ ప్రకారం నేరం జరిగిన రోజున ఉన్న శిక్షకు మించి వేయడానికి లేదు. రేపు వచ్చే చట్టం నిన్నటి నేరానికి శిక్ష పెంచడానికి వీల్లేదు.

అపోహ: ఏ అత్యాచారం కేసయినా 21 రోజుల్లో ఉరి.

బిల్లులో ఉన్నవి పనిదినాలు. దర్యాప్తుకు 7, విచారణకు 14. అదీ అన్ని కేసులకూ కాదు, 'తగిన తిరుగులేని సాక్ష్యం' ఉన్నవాటికే. నాకు మొదట్నుంచీ మింగుడుపడనిది ఈ మాటే. సాక్ష్యం తిరుగులేనిదో కాదో తేల్చడానికే కదా విచారణ! విచారణ మొదలుకాకముందే అది తిరుగులేనిదని తేల్చేదెవరు? తేల్చేస్తే ఇక పద్నాలుగు రోజులు దేనికి?

ఇంకో లెక్క చూడండి. ముద్దాయికి ఛార్జిషీటు, వాంగ్మూలాల కాపీలు ఇవ్వడానికే ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం) 14 రోజుల దాకా గడువిస్తోంది. అంటే కాపీలు చేతికొచ్చేసరికి ఆ బిల్లు ప్రకారం విచారణే దాదాపు అయిపోవాలి. ముద్దాయి వకీలు కాగితాలు చదవకుండా క్రాస్ (సాక్షులకు ఎదురు ప్రశ్నలు) చేస్తే ఆ శిక్ష హైకోర్టులో నిలవదు. అప్పుడు నష్టపోయేది బాధితురాలే.

పైగా సెషన్స్ కోర్టు ఉరి వేసినా హైకోర్టు ధ్రువీకరించేదాకా అమలు చేయకూడదు. బిల్లు అప్పీలు తేల్చే గడువును ఆరు నెలల నుంచి మూడుకు తగ్గించింది, అంతవరకు సరే. సుప్రీంకోర్టు తీసుకునే సమయాన్నీ రాష్ట్రపతి క్షమాభిక్షనూ మాత్రం ఏ శాసనసభా ముట్టుకోవడానికి లేదు. నిర్భయ కేసులో 2012 డిసెంబరులో నేరం జరిగితే 2013 సెప్టెంబరుకల్లా కింది కోర్టు తీర్పు వచ్చింది. ఉరి అమలైంది 2020 మార్చి 20న. తొమ్మిది నెలలు కింద, ఆరేళ్లకు పైగా పైన.

అపోహ: సభ రెండోసారి ఆమోదిస్తే రాష్ట్రపతి సంతకం పెట్టి తీరాలి.

గవర్నరుకూ రాష్ట్రపతికీ తేడా ఇక్కడే. గవర్నరు వెనక్కి పంపిన బిల్లును సభ మళ్లీ ఆమోదిస్తే ఆయన ఇక ఆమోదం నిరాకరించకూడదని 200 అధికరణ చెబుతుంది. రాష్ట్రపతికి నివేదించిన బిల్లు సంగతి 201లో ఉంది. అందులో ఆ నిర్బంధం లేదు. గడువూ లేదు. కోర్టులు గడువు విధించడం కుదరదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో అభిప్రాయం చెప్పింది కూడా.

అసలు రాష్ట్రపతి దాకా ఎందుకంటే క్రిమినల్ లా ఉమ్మడి జాబితాలోది. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేస్తే, రాష్ట్రపతి ఆమోదిస్తేనే అది ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. రాష్ట్ర సవరణలు ఎప్పుడూ కుదరవని కాదు. 498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపులు) కేసుల్లో కోర్టు అనుమతితో రాజీపడే వీలు మనకు 2003లో రాష్ట్ర సవరణతోనే వచ్చింది. చాలా రాష్ట్రాల్లో అందుకోసం హైకోర్టుకు వెళ్లాల్సివచ్చేది. ఆ సవరణకు యాప్ లేదు, హోర్డింగ్ లేదు. వేల కాపురాల గొడవలు దానితో తేలాయి.

పశ్చిమ బెంగాల్ 2024 సెప్టెంబరు 3న ఆమోదించిన 'అపరాజిత' బిల్లు కూడా కేంద్రం అభ్యంతరాలతో 2025 జులైలో వెనక్కొచ్చింది. కొన్ని నేరాలకు ఉరి తప్ప వేరే శిక్షే లేకుండా చేసిన భాగం అందులో ఉంది. జడ్జికి ఎంచుకునే వీలు లేని ఉరి చెల్లదని సుప్రీంకోర్టు 1983లోనే, మిఠూ కేసులో చెప్పింది.

అపోహ: ఆ చట్టం లేకే కేసులు నానుతున్నాయి.

హనుమకొండలో పసిపాప మీద అత్యాచారం, హత్య కేసు: 2019 జూన్‌లో నేరం, ఆగస్టు 8న తీర్పు. (నవంబరులో హైకోర్టు ఆ ఉరిని జీవితఖైదుగా మార్చింది.) ఆసిఫాబాద్ సమత కేసు, అదీ అత్యాచారం, హత్యే: 2019 నవంబరు 24న నేరం, 2020 జనవరి 30న తీర్పు. రెండూ పాత చట్టాలతోనే. రెండు నెలల్లో దర్యాప్తు, ఛార్జిషీటు వేశాక రెండు నెలల్లో విచారణ ముగించాలని అప్పటికే ఉంది, ఇప్పటి సంహితలోనూ ఉంది.

మరి రోజులు ఎటు పోతున్నాయి? నేను చూసిన ఒక కేసు చెబుతాను. కోర్టు, ఊరు వద్దు. పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, బాధితురాలే. ఇంటర్ చదివే పిల్ల. పదిన్నరకల్లా తల్లితో వచ్చి వరండా బెంచీ మీద కూర్చుంది. ఎదురు బెంచీ మీద ముద్దాయి మేనత్తలు. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికి ఇంకో కోర్టు ఇన్‌ఛార్జి, అక్కడ వాదనలు నడుస్తున్నాయి. మధ్యాహ్నం తల్లి బన్ను కొనిస్తే పిల్ల చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నాలుగింటికి పిలిచి వాయిదా వేశారు. రెండో వాయిదాకు ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబు) రిపోర్టు రాలేదు. మూడో వాయిదాకు పరీక్ష చేసిన డాక్టరమ్మ బదిలీ అయింది, సమన్లు తిరిగొచ్చాయి. నాలుగోసారి ఆ పిల్ల బోనెక్కి "నాకేమీ గుర్తులేదండి" అంది. అడ్డం తిరిగిన సాక్షి అని ప్రకటించారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది.

ఆ పిల్ల కోసం కావాల్సినవి విడిగా కూర్చోబెట్టే గది, ఆ కోర్టుకే కట్టుబడిన పీపీ, ల్యాబులో ఇంకో నలుగురు సిబ్బంది. వీటికి రాష్ట్రపతి సంతకం అక్కర్లేదు, బడ్జెట్టు చాలు. దిశ బిల్లుల్లో నాకు పనికొచ్చేదిగా తోచింది ప్రత్యేక కోర్టుల భాగమే. టీవీలో ఎవరూ మాట్లాడనిదీ అదే.

ఉరి భయంతో నేరాలు తగ్గుతాయన్న వాదన మీద ఒక్క మాట. జాతీయ నేర గణాంకాల ప్రకారం పది అత్యాచారం కేసుల్లో తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడే: పక్కింటివాడు, చుట్టం, కొన్నిసార్లు ఇంట్లోవాడే. బాబాయికి ఉరి పడుతుందంటే ఆ ఇంట్లోంచి ఫిర్యాదు బయటికొస్తుందా?

అపోహ: ఎప్పటికైనా ఆమోదం వస్తే దిశ అమలైపోతుంది.

ఆ బిల్లు సవరించబోయింది ఐపీసీని, సీఆర్‌పీసీని. 2024 జులై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. ఇక కావాలనుకుంటే కొత్తగా రాసుకోవాల్సిందే.

అంతదాకా మీ చేతిలో ఉన్నది ఎఫ్ఐఆర్ కాపీ. ఫిర్యాదు ఇచ్చినవారికి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నేరం ఏ ఊళ్లో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ కట్టాలని ఇప్పుడు సంహితలోనే ఉంది. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో తొంభై రోజుల్లోగా మీకు చెప్పాలి. స్టేషన్ పేరు వదిలేసి రెండో కాలమ్ చదవండి. నేరం 2024 జులై 1 నుంచి జరిగినదైతే అక్కడ బీఎన్ఎస్ 64 అంటే అత్యాచారం, 74 అంటే మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశంతో దౌర్జన్యం, 78 అంటే వెంటపడటం, 79 అంటే మాటలతో, సైగలతో అవమానించడం. ఆడపిల్లకు పద్దెనిమిది నిండకపోతే పోక్సో కూడా ఉండాలి. లేకపోతే ఆ రోజే అడగండి.